అబార్షన్ చట్టబద్ధమే, అందడమే కష్టం: గుంటూరు, విజయవాడల్లో ఏం అడ్డుపడుతోంది?

గుంటూరు కొత్తపేటలో గానీ, విజయవాడ సూర్యారావుపేటలో గానీ ఏ స్కానింగ్ సెంటర్‌కి వెళ్లినా గోడ మీద ఒక బోర్డు తప్పకుండా ఉంటుంది. పుట్టబోయేది ఆడో మగో చెప్పడం చట్టరీత్యా నేరమని అందులో తెలుగులో, ఇంగ్లీషులో రాసి ఉంటుంది. 1994 నాటి లింగ నిర్ధారణ నిరోధక చట్టం ఆ బోర్డును తప్పనిసరి చేసింది. అవసరమైన పనే. కానీ ఆడపిల్లల్ని కాపాడుకోవాలని మొదలైన ఆ ప్రచారం, భ్రూణహత్యలు ఆపండి అనే గోడరాతలతో కలిసి, అబార్షన్ అంటేనే నేరమన్న ముద్ర కూడా జనంలో వేసింది. అబార్షన్‌కి అనుమతి ఉన్న ఆసుపత్రి కూడా తన సర్టిఫికెట్‌ని అందరికీ కనిపించేలా పెట్టాలని నిబంధన ఉంది. అయితే అది ఫ్రేములో బిగించిన ఆఫీసు కాగితం. దాన్ని చూసి, ఇక్కడ ధైర్యంగా అడగొచ్చని అర్థం చేసుకునే ఆడమనిషి ఎంతమంది ఉంటారు? నేరమని చెప్పే బోర్డు పెద్దక్షరాల్లో ఉంది. చట్టబద్ధమని చెప్పే బోర్డు అసలు లేదు. నెల తప్పిన మొదటి వారాలు ఈ అయోమయంలోనే కరిగిపోతాయి.

చట్టం ఏం చెబుతోందో ముందు చూడాలి. మెడికల్ టెర్మినేషన్ ఆఫ్ ప్రెగ్నెన్సీ యాక్ట్, ఆసుపత్రి భాషలో ఎంటీపీ చట్టం, 1971లో వచ్చింది. మరుసటి ఏడాది ఏప్రిల్ 1 నుంచి అమలైంది. దొంగచాటు అబార్షన్లలో ఆడవాళ్లు ప్రాణాలు పోగొట్టుకుంటున్నారని కేంద్రం 1964లో శాంతిలాల్ షా కమిటీని వేసింది. ఆ కమిటీ 1966లో ఇచ్చిన నివేదికే ఈ చట్టానికి మూలం. 2021 సవరణ తర్వాత లెక్క ఇదీ: 20 వారాల వరకు ఒక డాక్టర్ అభిప్రాయం చాలు. 20 నుంచి 24 వారాల మధ్య ఇద్దరు డాక్టర్లు ఒప్పుకోవాలి, అదీ కొందరి విషయంలోనే. అత్యాచారానికి గురైనవాళ్లు, మైనర్లు, గర్భం నిలిచాక భర్త చనిపోయిన లేదా విడాకులైన వాళ్లు, వికలాంగులు, మానసిక అనారోగ్యం ఉన్నవాళ్లు, బిడ్డలో లోపం బయటపడినవాళ్లు ఆ జాబితాలో ఉన్నారు. ప్రభుత్వం ప్రకటించిన విపత్తులో చిక్కుకున్నవాళ్లు కూడా ఉన్నారు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ రోజుల తరబడి నీళ్లలో ఉన్నప్పుడు, ఇలాంటి నిబంధన ఒకటుందని అక్కడి ఆడవాళ్లకి ఎవరైనా చెప్పి ఉంటారా అన్నది అనుమానమే. 24 వారాలు దాటితే మాత్రం బిడ్డలో తీవ్రమైన లోపం ఉందని మెడికల్ బోర్డు తేల్చాలి. తల్లి ప్రాణం మీదికి వస్తే ఈ వారాల లెక్క అడ్డురాదు.

చదవడానికి ఇది ఉదారమైన చట్టంలాగే ఉంటుంది. అసలు చిక్కు దాని పునాదిలో ఉంది. గర్భస్రావం చేయించడం 1860 నాటి శిక్షాస్మృతిలో సెక్షన్ 312 కింద నేరంగా ఉండేది. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలోనూ సెక్షన్ 88 కింద నేరంగానే ఉంది. తనకు తాను గర్భం పోగొట్టుకున్న స్త్రీ కూడా ఆ సెక్షన్ పరిధిలోకి వస్తుంది. ఎంటీపీ చట్టం చేసిందల్లా, షరతులు పాటించిన డాక్టర్‌కి ఆ నేరం నుంచి రక్షణ ఇవ్వడం. ఈ గర్భం నాకు వద్దు అని ఆమె చెబితే సరిపోదు. గర్భం కొనసాగితే ఆమె ఆరోగ్యానికి, మనసుకి హాని అని డాక్టర్ సదుద్దేశంతో నమ్మి సంతకం పెట్టాలి. గర్భనిరోధక సాధనం విఫలమైనా ఆ మానసిక బాధని చట్టం లెక్కలోకి తీసుకుంటుంది. 2021లో 'వివాహిత, ఆమె భర్త' అన్నచోట 'స్త్రీ, ఆమె భాగస్వామి' అని మార్చారు కాబట్టి పెళ్లికాని వాళ్లకీ ఇది వర్తిస్తుంది. ఎలా చూసినా చివరి మాట డాక్టర్‌దే. డాక్టర్ భయపడితే, విసుక్కుంటే, లేదా ఎందుకొచ్చిన తలనొప్పి అనుకుంటే ఆమెకి ఉన్న దారి అక్కడితో మూసుకుపోతుంది. అభిప్రాయం ఇవ్వాల్సిందేనని డాక్టర్‌ని నిలదీసే మార్గం ఆమెకి లేదు.

డాక్టర్‌కి భయం ఊరికే రాదు. అనుమతి లేని చోట అబార్షన్ చేసినా, అర్హత లేని మనిషి చేసినా రెండు నుంచి ఏడేళ్ల కఠిన శిక్ష. ఆ శిక్ష న్యాయమే. అయితే అర్హత ఉన్నవాళ్ల మీద కూడా మరో రెండు చట్టాల నీడ పడుతోంది. మొదటిది లింగ నిర్ధారణ చట్టం. ఒక ఆడపిల్ల ఉన్న తల్లి మూడో నెల దాటాక వస్తే, ఈమె స్కాన్‌లో ఆడపిల్ల అని తెలిసి వచ్చిందేమో అన్న అనుమానం డాక్టర్‌కి ముందు వస్తుంది. రేపు తనిఖీ జరిగితే సమాధానం చెప్పుకోవాల్సింది తనే కదా. ఆ అనుమానానికి కారణం లేదనలేం. లింగ ఎంపిక కోసం జరిగే అబార్షన్లు నిజంగానే ఉన్నాయి. కానీ తప్పు చేసేవాడు స్కానింగ్ గదిలో ఉంటే, అడ్డుకట్ట మాత్రం అబార్షన్ గది తలుపు దగ్గర పడుతోంది. పన్నెండు వారాలు దాటిందంటే చాలు, చట్టం 20 వరకు అనుమతిస్తున్నా, మేం చేయం, పెద్దాసుపత్రికి వెళ్లండి అనే జవాబు వస్తోంది.

రెండోది పోక్సో, అంటే పిల్లల మీద లైంగిక నేరాల నిరోధక చట్టం. దీని గురించి కాస్త వివరంగా చెప్పుకోవాలి, ఎందుకంటే ఆంధ్రప్రదేశ్‌లో దీని బరువు ఎక్కువ. 2012 నాటి ఈ చట్టం ప్రకారం 18 ఏళ్ల లోపు అమ్మాయితో లైంగిక సంబంధం నేరం, ఆమె ఇష్టపడినా సరే. 2017 అక్టోబరులో సుప్రీంకోర్టు తీర్పు తర్వాత, భార్య అయినా సరే. ఆ సంగతి తెలిసిన డాక్టర్ పోలీసులకి చెప్పి తీరాలి, చెప్పకపోతే డాక్టర్‌కే శిక్ష. ఇప్పుడు మన రాష్ట్రం సంగతి చూడండి. ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 20-24 ఏళ్ల యువతుల్లో సుమారు 29 శాతానికి 18 నిండకుండానే పెళ్లయింది. పదిహేడేళ్లకి పెళ్లయి, కాపురానికి వెళ్లిన మూడో నెలలో నెల తప్పి, చదువుకోవాలనో ఒంట్లో బలం లేకనో ఇప్పుడే వద్దనుకునే అమ్మాయి ఆసుపత్రి మెట్లెక్కితే ఏమవుతుంది? మైనర్ కాబట్టి సంరక్షకుల సంతకం కావాలి. వయసు తెలియగానే పోలీసులకి కబురు వెళ్లాలి. కేసు పడేది భర్త మీద, పెళ్లి చేసిన పెద్దల మీద. అంటే అమ్మాయిని ఆసుపత్రికి తీసుకురావాల్సిన వాళ్లే, తీసుకొస్తే జైలుకి పోయే స్థితి. వాళ్లు తీసుకొస్తారా? ఆధార్‌లో వయసు కనబడకుండా పని జరిగే చోటు వెతుక్కుంటారు.

సుప్రీంకోర్టు ఈ ముడిని గుర్తించింది. 2022 సెప్టెంబరు 29న ఢిల్లీలో ఉంటున్న ఒక అవివాహిత కేసులో జస్టిస్ డి.వై. చంద్రచూడ్ నేతృత్వంలోని ధర్మాసనం ఇచ్చిన తీర్పులో, అబార్షన్ కోరే మైనర్ పేరు, గుర్తించే వివరాలు పోలీసులకి ఇచ్చే సమాచారంలో బయటపెట్టనక్కర్లేదని చెప్పింది. అమ్మాయి గానీ సంరక్షకులు గానీ అలా కోరితే డాక్టర్‌కి ఆ మినహాయింపు ఉంటుంది. పెళ్లికాని వాళ్లకీ 24 వారాల వరకు అవకాశం ఉండాలని, భర్త బలవంతం వల్ల వచ్చిన గర్భాన్నీ అత్యాచారం వల్ల వచ్చినదిగానే ఈ చట్టం కింద చూడాలని అదే తీర్పు. చట్టం అడగని కాగితాలు, కుటుంబ సభ్యుల అంగీకారం, కోర్టు ఉత్తర్వులు అడగొద్దని డాక్టర్లకి గట్టిగానే చెప్పింది. తీర్పు ఢిల్లీలో వచ్చింది. అది మాచర్లలోనో కంచికచర్లలోనో ఓపీలో కూర్చున్న డాక్టర్ టేబుల్ మీదికి, తెలుగులో ఒక పేజీ సర్క్యులర్‌గా వచ్చి ఉంటే ఎన్ని జీవితాలు తేలికపడేవో.

భర్త సంతకం విషయం చూసినా ఇదే కథ. పద్దెనిమిది దాటిన స్త్రీకి తన సంతకం ఒక్కటే చాలు. భర్తది అక్కర్లేదు, అత్తది అక్కర్లేదు, తండ్రిది అక్కర్లేదు. తన అంగీకారం లేకుండా భార్య అబార్షన్ చేయించుకుందని ఒక భర్త నష్టపరిహారం కోసం సుప్రీంకోర్టు దాకా వెళితే, 2017లో కోర్టు ఆ పిటిషన్‌ని కొట్టేసింది. అయినా 'మీ ఆయన్ని తీసుకురామ్మా' అన్న మాట ఆసుపత్రుల్లో మామూలైపోయింది. రేపు ఆయనొచ్చి గొడవ చేస్తే ఎవరు పడతారు అన్నది వాళ్ల టెన్షన్. తాగి కొట్టే భర్త నుంచి పుట్టింటికి వచ్చేసిన మనిషికి, భర్త గల్ఫ్‌లో ఉన్న మనిషికి, పెళ్లే కాని అమ్మాయికి ఆ ఒక్క మాటతో ఆసుపత్రి దూరమైపోతుంది. మరో వారం పోతుంది.

ఇక రాజకీయాలు. మన దగ్గర అబార్షన్‌కి వ్యతిరేకంగా ఊరేగింపులు జరగవు, ఎన్నికల్లో దాని మీద ఓట్లు అడగరు. అందుకే ఇక్కడ రాజకీయ అడ్డంకి లేదని చాలామంది అనుకుంటారు. ఉంది, వేరే రూపంలో. ఆడవాళ్ల గర్భాన్ని జనాభా అంకెగానే చూసే ధోరణి అది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 1994 పంచాయతీరాజ్ చట్టంలో ఇద్దరికి మించి పిల్లలుంటే స్థానిక ఎన్నికల్లో పోటీ చేయకూడదని నిబంధన పెట్టింది. ఆరోగ్య వ్యవస్థ మొత్తం కుటుంబ నియంత్రణ ఆపరేషన్ల లక్ష్యాల చుట్టూ తిరిగింది. దాని ఫలితం ఇప్పటికీ కళ్లముందుంది. ఐదో జాతీయ సర్వేలో రాష్ట్రంలో పెళ్లయిన మహిళల్లో సుమారు 70 శాతం ఆపరేషన్ చేయించుకున్నవాళ్లే. కాపర్-టి, మాత్రలు, ఇంజెక్షన్లు, నిరోధ్ అన్నీ కలిపినా ఒకటి రెండు శాతం దగ్గరే. మగవాళ్ల ఆపరేషన్ల గురించి చెప్పుకోవడానికే ఏమీ లేదు. అంటే పెళ్లయిన రోజు నుంచి ఇద్దరు పిల్లలు పుట్టి ఆపరేషన్ అయ్యేదాకా, కాన్పుకీ కాన్పుకీ మధ్య ఎడం కోసం ఆమె చేతిలో దాదాపు ఏమీ లేదు. చంకలో ఎనిమిది నెలల పిల్ల ఉండగా మళ్లీ నెల తప్పిన తల్లి ఆసుపత్రికి వచ్చేది అందుకే. ఆపరేషన్‌కి కూడా ఒప్పుకుంటేనే చేస్తామని అక్కడ షరతు పెడితే, అది చట్టంలో ఎక్కడా లేని షరతు. అబార్షన్‌కి ఇచ్చే అంగీకారం వేరు, జీవితాంతం పిల్లలు వద్దనుకునే అంగీకారం వేరు.

ఇప్పుడు గాలి మళ్లింది. రాష్ట్రంలో సంతానోత్పత్తి రేటు, అంటే ఒక్కో స్త్రీకి సగటున పుట్టే పిల్లల సంఖ్య, ఐదో జాతీయ సర్వే నాటికే 1.7కి పడిపోయింది. లోక్‌సభ సీట్ల పునర్విభజనలో దక్షిణాది నష్టపోతుందన్న ఆందోళన పెరిగింది. ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు 2024 చివరి నుంచి ఎక్కువమంది పిల్లల్ని కనండని బహిరంగంగా చెబుతున్నారు. అదే ఏడాది నవంబరులో ఇద్దరు పిల్లల నిబంధనని అసెంబ్లీ రద్దు చేసింది. ఆ నిబంధన పోవడం మంచిదే. అది ఎప్పుడూ ఉండకూడనిదే. కానీ ముప్పై ఏళ్లపాటు 'చాలు, ఆపండి' అన్న వ్యవస్థే ఇప్పుడు 'కనండి' అంటుంటే, ఆ మాట ముందుగా చేరేది ఆశా కార్యకర్త దగ్గరికి, ఏఎన్ఎం దగ్గరికి, పీహెచ్‌సీ డాక్టర్ దగ్గరికి. మూడోది వద్దని వచ్చిన మనిషికి సహాయం చేయడం తన పనేనా కాదా అన్న సందేహం వాళ్లకి రాకుండా చూడాల్సిన బాధ్యత పైవాళ్లది. ఇందుకోసం ప్రభుత్వం కొత్త చట్టం తేనక్కర్లేదు. ఎంత మందిని కనాలన్నది ఆమె ఇష్టమే, వద్దనుకుంటే ఆ సేవ కూడా మా ఆసుపత్రిలోనే ఉంది అని ఒక్కసారి స్పష్టంగా చెబితే చాలు. పిల్లల్ని కనమన్న ఉపన్యాసాల్లో ఆ రెండో వాక్యం కూడా ఉండాలి.

ఆసుపత్రి తలుపు మూసుకుంటే తెరిచి ఉండేది మెడికల్ షాపు. 2015 సంవత్సరానికి చేసిన, లాన్సెట్ గ్లోబల్ హెల్త్‌లో అచ్చయిన అంచనా ప్రకారం ఆ ఏడాది దేశంలో కోటీ 56 లక్షల అబార్షన్లు జరిగాయి. వాటిలో 73 శాతం ఆసుపత్రి బయట, మాత్రలతోనే. ఆసుపత్రుల్లో జరిగినవి 22 శాతం. ఈ మాత్రలు మంచివే. మిఫెప్రిస్టోన్, మిసోప్రోస్టాల్ కలిసి ఉండే కిట్‌కి 2008 చివర్లో మన దేశంలో అనుమతి వచ్చింది. తొమ్మిది వారాల్లోపు, డాక్టర్ చీటీ మీద వాడాలి. సరైన సమయంలో సరిగ్గా వాడితే ఇది చాలా సురక్షితమైన పద్ధతి. చిక్కంతా కిట్ చేతులు మారే తీరులో ఉంది. కొనేది చాలాసార్లు భర్తో స్నేహితుడో. షాపతను వారాలు అడగడు, ఆమె రక్తహీనత గురించి అడగడు. గర్భం సంచిలో కాకుండా ట్యూబులో నిలిస్తే మాత్రలు పనిచేయవని, ట్యూబు పగిలితే ప్రాణం పోతుందని చెప్పడు. పెట్టెలోని కాగితం ఇంగ్లీషులో చీమల్లాంటి అక్షరాల్లో ఉంటుంది. రెండో మందు ఎప్పుడు, ఎలా వేసుకోవాలో, ఎంత రక్తస్రావం మామూలో, ఎంతయితే పరిగెత్తాలో ఎవరూ చెప్పని మనిషి రాత్రి పూట ఒంటరిగా భయపడుతుంది. గంటకి రెండు పెద్ద ప్యాడ్లు తడుస్తూ వరసగా రెండు గంటలు అలాగే ఉన్నా, జ్వరం తగ్గకపోయినా, కళ్లు తిరిగి పడిపోతున్నా ఆగకుండా ఆసుపత్రికి వెళ్లాలి. అక్కడ మాత్ర వేసుకున్నానని నిజం చెప్పాలి. చెబితే కేసవుతుందన్న భయంతో దాచేవాళ్లకే ప్రమాదం ఎక్కువ. అబార్షన్ వివరాలు బయటపెట్టిన డాక్టర్‌కే ఏడాది దాకా జైలుశిక్ష ఉందని, ఆసుపత్రి రిజిస్టర్ రహస్య పత్రమని, కాగితాల మీద పేరుకి బదులు వరస నంబరే ఉండాలని ఆమెకి తెలిస్తే ఆ భయం కొంత తగ్గుతుంది.

ప్రభుత్వ ఆసుపత్రికి అబార్షన్ కోసం వేరే అనుమతి అక్కర్లేదు. ప్రైవేటు నర్సింగ్ హోములే జిల్లా వైద్యాధికారి నేతృత్వంలోని కమిటీ దగ్గర అనుమతి తెచ్చుకోవాలి. ఆ లెక్కన ప్రతి ప్రభుత్వ ఆసుపత్రీ, శిక్షణ పొందిన డాక్టర్ ఉంటే, చట్టం దృష్టిలో అర్హమైన చోటే. కానీ డాక్టర్‌కి శిక్షణ ఉండాలి, మందు నిల్వ ఉండాలి, రక్తం ఎక్కించాల్సి వస్తే పంపడానికి ఏర్పాటు ఉండాలి. ఇందులో ఏ ఒక్కటి లేకపోయినా చీటీ రాసి పెద్దాసుపత్రికి పంపేస్తారు. వినుకొండ, మాచర్ల వైపు నుంచి గుంటూరు జీజీహెచ్‌కి రావడమంటే ఒక రోజు కూలీ పోయినట్టే. తోడు రావాల్సిన మనిషి కూలీ కూడా పోతుంది. పరీక్షలు చేయించుకుని రేపు రమ్మంటే ఇంకో రోజు. మిర్చి కోతల కాలంలో కర్నూలు వైపు నుంచి సుగ్గికి, అంటే కూలి పనుల వలసకి, వచ్చి పొలాల గట్ల మీద గుడారాల్లో ఉండే ఆడవాళ్ల పరిస్థితి మరీ దారుణం. వాళ్ల ఊరి ఆశా ఇక్కడ లేదు, ఇక్కడి ఆశా జాబితాలో వాళ్ల పేరు లేదు. ఏ ఆసుపత్రికి పోవాలో తెలియదు. కోతలు ముగించుకుని ఊరికి చేరాక చూసుకుందాం అనుకునేసరికి మూడు నెలలు నాలుగవుతాయి. మాత్రలతో అయిపోయే పని పెద్ద ఆసుపత్రి దాకా వెళుతుంది.

కావాలనుకున్న గర్భమే అయినా అడ్డంకులు తప్పని సందర్భం ఒకటుంది. ఐదో నెలలో బిడ్డ అవయవాలని వివరంగా చూసే టిఫా స్కాన్ చేస్తారు, మామూలుగా 18 నుంచి 22 వారాల మధ్య. బిడ్డ గుండెలోనో మెదడులోనో పెద్ద లోపం ఉందని అప్పుడు తెలుస్తుంది. ఇంకో డాక్టర్ అభిప్రాయం, గుండె కోసం ఇంకో స్కాన్, ఇంట్లో ఏడుపులు, పెద్దల సలహాలు, వీటన్నిటితో 24 వారాలు ఇట్టే దాటిపోతాయి. అప్పుడు మెడికల్ బోర్డు. గైనకాలజిస్టు, పిల్లల డాక్టర్, రేడియాలజిస్టు ఉండే ఆ బోర్డు దరఖాస్తు అందిన మూడు రోజుల్లో అభిప్రాయం చెప్పాలని, ఒప్పుకుంటే దరఖాస్తు అందిన ఐదు రోజుల్లోపే అబార్షన్ పూర్తవ్వాలని 2021 నిబంధనలు చెబుతున్నాయి. దరఖాస్తు ఎక్కడ పెట్టాలో, ఎవరిని అడగాలో తెలియక కుటుంబాలు తిరగడంలోనే ఆ మూడు రోజులు కాస్తా వారాలవుతాయి. బిడ్డలో లోపం కాకుండా వేరే కారణమైతే 24 దాటాక హైకోర్టే గతి. హైకోర్టు నేలపాడులో, గుంటూరుకీ విజయవాడకీ మధ్యనే ఉంది కాబట్టి ఇక్కడివాళ్లకి ఆటోలో పోయే దూరం. ఇచ్ఛాపురం నుంచో హిందూపురం నుంచో వచ్చే మనిషి సంగతి ఆలోచించాలి. లాయర్, ఫీజు, ప్రయాణం, బోర్డు నివేదిక, వాయిదా. వీటన్నిటి మధ్య కడుపులో బిడ్డ పెరుగుతూనే ఉంటుంది. 2023 అక్టోబరులో 26 వారాలు దాటిన ఒక వివాహిత కేసులో సుప్రీంకోర్టు మొదట అనుమతి ఇచ్చి, తర్వాత వెనక్కి తీసుకుంది. ఆమె అప్పటికే ఇద్దరు పిల్లల తల్లి, కాన్పు తర్వాతి మానసిక వ్యాధికి మందులు వాడుతోంది, రెండో కాన్పు తర్వాత నెలసరి మొదలుకాకముందే మళ్లీ గర్భం రావడంతో ఆలస్యంగా తెలిసింది. అలాంటి పరిస్థితిలో ఉన్న తల్లిని, ఇన్నాళ్లూ ఏం చేశావని అడగడం అన్యాయం.

చట్టం వారాలు లెక్కపెడుతుంది. ఆ వారాలు ఎవరి వల్ల పోయాయో మాత్రం లెక్కపెట్టదు. అందువల్ల జిల్లా స్థాయిలో చేయదగ్గ పనులన్నీ ఆ వారాలని తిరిగి ఆమెకి అందించేవే. గుంటూరు, ఎన్టీఆర్, పల్నాడు, బాపట్ల జిల్లాల్లో అనుమతి ఉన్న ఆసుపత్రుల పేర్లు తెలుగులో, సచివాలయాల్లో, పీహెచ్‌సీల్లో అంటించొచ్చు. ఆ కాగితం మీదే, పద్దెనిమిది దాటితే నీ సంతకం ఒక్కటే చాలు అని పెద్దక్షరాల్లో రాయొచ్చు. 2022 తీర్పులో మైనర్ల గురించి చెప్పిన భాగాన్ని ప్రతి పోలీస్ స్టేషన్‌కీ, ప్రతి లేబర్ రూమ్‌కీ పంపొచ్చు. మెడికల్ బోర్డుకి దరఖాస్తు పెట్టాల్సిన చోటు, ఫోన్ నంబరు టిఫా స్కాన్ రిపోర్టుతో పాటే ఇవ్వమని స్కానింగ్ సెంటర్లని అడగొచ్చు. మిర్చి కోతల నెలల్లో గుడారాల దగ్గరికి వెళ్లే ఏఎన్ఎం సంచిలో గర్భ నిర్ధారణ కిట్లు, అత్యవసర గర్భనిరోధక మాత్రలు పెట్టి పంపొచ్చు. నెల తప్పిన నాలుగో రోజునే ఆ కూలీ తల్లికి సంగతి తెలిస్తే, ఏం చేయాలో నిర్ణయించుకునే వ్యవధి ఆమెకి పూర్తిగా ఉంటుంది.